అన్నకు బ్లాకు, తమ్ముడికి క్యాపులు, చెల్లెలికి క్రాంకు

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న కుర్రాళ్ళు నన్ను చూడటానికి వచ్చినప్పుడు మొదట అడిగేది పుస్తకం గురించి. పాత కార్ల ఇంజను సామాన్లలో దేనికి ఎంత అని రాసి పెట్టిన పుస్తకం ఏదైనా ఉందా అని. లేదు. ఉండి ఉంటే నాకు అన్నం పుట్టేది కాదు. తిరువళ్ళూరు, తిరుత్తణి మధ్య ఎవరి కొట్టంలో పాత కారు మూలన పడి ఉన్నా, ఎవరి అటక మీద పిస్టన్లు దుమ్ము పట్టి ఉన్నా, వాటికి వెల చెప్పమని నన్నే పిలిచేవాళ్ళు. డెబ్బైలలో మొదలుపెట్టి ఎనభైలు గడిచేదాకా అదే నా బతుకు. ఇప్పుడు చెయ్యి ఆగింది కానీ నోరు ఆగలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

కడిగి చూడండి

అమ్మేవాడు ఆ ముక్కను కొత్తలో ఎంతకు కొన్నాడో గుర్తు పెట్టుకుని వస్తాడు. కొనేవాడు పాత ఇనుము కొట్టు ధర మనసులో పెట్టుకుని వస్తాడు. మెకానిక్కు తన కూలి చూసుకుంటాడు. వెల ఈ ముగ్గురి బేరంలో తేలుతుందని లోకం నమ్మకం. నాది ఆ మతం కాదు. వెల ముక్కలోనే ఉంటుంది. దాన్ని కడిగి చూసే ఓపిక మనకుండాలి.

కడిగి అన్నది మాటవరసకు కాదు. జిడ్డు కింద పగులు దాక్కుంటుంది. ముక్కను కిరసనాయిల్లో నానబెట్టి, గుడ్డతో పొడిగా తుడిచి, సుద్దపొడి చల్లి, చెక్క సుత్తితో మెల్లగా తట్టాలి. పగులు ఉంటే అందులోకి దూరిన కిరసనాయిలు పైకి ఊరి సుద్ద మీద సన్నని గీత గీస్తుంది. ఆ గీత కనబడిందా, ఆ ముక్క చూడటానికి ఎంత ముద్దుగా ఉన్నా వట్టి ఇనుమే. మొహమాటపడకుండా ఆ మాట చెప్పేయాలి.

మా నాయన నేతగాడు. చీర కొంగును వేళ్ళ మధ్య రుద్ది నూలు నంబరు చెప్పేవాడు. ఆ వేళ్ళు నాకు వచ్చాయని మా అమ్మ నమ్మేది. నేనూ నమ్ముతాను. ఇందులో వినయం దేనికి?

ఏకాంబరంగారి కొట్టు

నాకు పని నేర్పింది ఏకాంబరంగారు. తిరువళ్ళూరు స్టేషను రోడ్డులో ఆయనకు పాత మోటారు సామాన్ల కొట్టు ఉండేది. వెంట్రుక మందం కూడా కొలిచే మైక్రోమీటరు పట్టుకోవడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. స్క్రూ గట్టిగా తిప్పితే వేళ్ళ మీద కొట్టేవారు. పసిబిడ్డ చెవి పట్టుకున్నట్టు పట్టుకోమనేవారు. గురువు కాదని నేను ఎప్పుడూ అనలేదు, అనను.

కానీ ఆయన వ్యాపారమంతా ఒకే సూత్రం మీద నడిచేది. ముక్కలుగా కొనాలి, కలిపి అమ్మాలి. ఒకసారి కడంబత్తూరు నుంచి ఒక ముసలి డ్రైవరు గుడ్డసంచిలో కార్బొరేటరు పట్టుకొచ్చాడు. ఏకాంబరంగారు తక్కెడలో వేసి ఇత్తడి తూకానికి వెల కట్టి పంపేశారు. మర్నాడు అది శుభ్రంగా మెరుస్తూ అద్దాల బీరువాలో కూర్చుంది. నాకు ఆ పూట అన్నం సయించలేదు. వెల చెప్పేవాడూ కొనేవాడూ ఒకడే అయితే అది వెల కాదు, బేరం. ఈ రెంటినీ ఒకే నోటితో చేయవద్దు. కొత్తవాళ్ళకు నేను చెప్పే మాటల్లో మొదటిది ఇదే.

ఆర్.కె.పేటలో కుప్పలు

ఒక ఎండాకాలం ఆర్.కె.పేట నుంచి కబురు వచ్చింది. అక్కడొక రైతు కుటుంబం. తండ్రి యుద్ధం అయిపోయిన కొత్తలో తయారైన ఇంగ్లీషు కారు ఒకటి ఎవరో దొర వెళ్ళిపోతుంటే కొన్నాడు. ఆ చుట్టుపక్కల పెళ్ళికొడుకులంతా ఆ కారులోనే ఊరేగారు. పొగ ఎక్కువ వస్తోందని ఆయనే ఇంజను విప్పాడు. తిరిగి బిగించకముందే కన్నుమూశాడు. కారు కొట్టంలో, ఇంజను ముక్కలు గోనెసంచుల్లో ఉండిపోయాయి.

ఇద్దరు కొడుకులు, మునిరత్నం నాయుడు, భాస్కర్ నాయుడు. భాగాలు పంచుకున్నారు. ఆ ఇళ్ళలో పంపకానికి ఒక పద్ధతి ఉంది. పెద్దవాడు కుప్పలు పెట్టాలి, చిన్నవాడు ముందుగా ఎంచుకోవాలి. గంగాళాలు, బిందెలు, కాగులు అన్నీ కాటా వేసి సరిసమానంగా కుప్పలు పెట్టారు. అంతవరకు బాగానే ఉంది. అదే ఊపులో ఇంజనును కూడా కాటా మీద పెట్టారు.

పిస్టన్లు చెరి సగం. కనెక్టింగ్ రాడ్లు చెరి సగం. వాల్వులు చెరి సగం. కార్బొరేటరు ఒక్కటే ఉండటం వాళ్ళను బాగా ఇబ్బంది పెట్టిందట. దానికి బదులు ఇవతలి కుప్పలో డైనమో వేసి సరిచేశారు. ఇంజనుకు ఒళ్ళులాంటి బ్లాకు ఒకవైపే పోతే అన్యాయమని, రెండో వైపు దాని పైమూత లాంటి సిలిండరు హెడ్డు వేశారు. ఇంకా కొంచెం తేడా వస్తే బ్లాకుకు అడుగున బిగించే బేరింగు క్యాపులు ఊడదీసి హెడ్డుతో కలిపారు. ముల్లు నిలబడింది. ఊరి పెద్దలు భేష్ అన్నారు.

ఆడపడుచుకు పసుపు కుంకుమ కింద ఏదైనా ఇవ్వాలి కదా. చెల్లెలు అంసవేణి కారు అడిగింది. అన్నలు నవ్వి, ఇంజన్లో నీకు నచ్చింది ఒకటి తీసుకోమన్నారు. ఆమె క్రాంకు షాఫ్టు తీసుకుంది, పిస్టన్ల ఊపుకు గుండ్రంగా తిరిగే బరువైన ఇరుసు. పిచ్చిపిల్ల, బరువు చూసి తీసుకుందని అందరూ అనుకున్నారు.

మద్రాసులో ఒక షావుకారు దగ్గర అలాంటి కారే ఉందనీ, దాని ఇంజను పగిలి మూలన పడిందనీ ఏకాంబరంగారికి తెలుసు. అన్నదమ్ములు వెల చెప్పేవాడిని పంపమని అడగగానే ఆయన నన్ను పిలిచారు.

"ఇదో పారు, చూడు సుబ్రమణీ, పోయి ముక్క ముక్కకీ ఇనుము రేటు చెప్పేసి రా. కలిపితే ఎంతనే మాట ఎత్తొద్దు. వాళ్ళు అడిగింది ముక్కల వెలే కదా. మనం అబద్ధం చెప్పలే."

నేను తల ఊపి బస్సెక్కాను. తల ఊపడం ఒప్పుకోవడం కాదని ఆయనకు అప్పటికే తెలిసి ఉండాల్సింది.

ఆ ఇంటికి మధ్యలో కొత్తగా గోడ కట్టారు. ముందు మునిరత్నం నాయుడి వైపు కూర్చుని బ్లాకు కడిగాను. సుద్ద చల్లి తట్టాను. గీత రాలేదు. సిలిండర్లు వేలితో తడిమితే నున్నగా, గుండ్రంగా ఉన్నాయి. కింద చూస్తే క్యాపులు లేవు.

"ఇక్కడ మూతల మాదిరి ఉండాలే, అవి యాడ నాయుడుగారూ?"

"అవి మా తమ్ముని పాగం."

"మరి క్రాంకు?"

"అది మా చెల్లెలి దగ్గర ఉండాది, తిరుత్తణిలో."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తెలియనివాళ్ళ కోసం చెబుతాను. క్రాంకు తిరిగే గుండ్రటి చోటు పైసగం బ్లాకులో, కిందిసగం క్యాపులో ఉంటుంది. రెంటినీ కలిపి బిగించి ఒకేసారి తొలుస్తారు. అందుకే ఒక బ్లాకు క్యాపులు ఇంకో బ్లాకుకు పనికిరావు. గోడ అవతల భాస్కర్ నాయుడు క్యాపులను మేకుల డబ్బాలో పడేసి ఉంచాడు. అతని సంగతీ చెప్పాలి. ఎప్పుడూ అన్న వెనకాల నడిచిన మనిషి. ఎంచుకోమంటే కార్బొరేటరు బాగుందని ఆ కుప్ప తీసుకున్నాడు. తనకు చిల్లర సామాను వచ్చిందని లోలోపల బాధ.

ఉయ్యాల కొక్కెం

తిరుగు దారిలో తిరుత్తణిలో దిగి అంసవేణి ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. మగ్గాల వీధి చివర చిన్న ఇల్లు. లోపలికి వెళ్ళి పైకి చూశాను. దూలానికున్న ఉయ్యాల కొక్కెం నుంచి క్రాంకు నిలువుగా వేలాడుతోంది. ఆముదం రాసి, పాత పంచె చుట్టి, తాడు కట్టి ఉంది.

"ఎందుకమ్మా ఇట్ల కట్టినావు?"

"పండబెడితే వంగుతుందని మా నాయన చెప్పేవాడన్నా. ఇంజను విప్పిన దినం కూడా ఇట్లే కట్టినాడు. పక్కన నేనే ఉన్నా."

ఆమె భర్త దేవరాజులు ఎవరిదో టాక్సీ తోలుతూ భక్తులను కొండ మీదికి చేరవేసేవాడు. ఓనరు ఆ టాక్సీని అమ్మేయాలని చూస్తున్నాడు. అదే జరిగితే దేవరాజులు మళ్ళీ ఎవరి వాకిట్లోనో నిలబడాలి.

"అన్నోళ్ళు నేను ఇనుము తీసుకొన్యానని నవ్వినారు. నవ్వనీ. ఇది నా దగ్గర ఉంటే వాళ్ళు ఇంజను అమ్మలేరు. ఎప్పటికైనా నా దగ్గరికే రావాల. ఆ కారు నడిస్తే నా మొగుడు తోలతాడు. నాకు వేరే ఏమీ వద్దు."

పంచె విప్పి మైక్రోమీటరు పెట్టాను. ఒక్కో చోటా కొలిచాను. కొలిచిన చోటే మళ్ళీ కొలిచాను. ఆ క్రాంకు, అరిగినప్పుడు పట్టించే గ్రైండింగు ముఖమే చూడలేదు. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కొలత అలాగే ఉంది. అంత పాత కారుకు అలాంటి క్రాంకు నేను అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆ ఇనుప ముక్కను ముద్దు పెట్టుకోవాలనిపించింది.

వెల చెప్పిన రోజు

తిరువళ్ళూరు వచ్చి ఏకాంబరంగారితో ఉన్నది ఉన్నట్టు చెప్పాను. కలిపి వెల చెబుతానని కూడా చెప్పాను. ఆయన నోట్లోంచి వచ్చిన తమిళం ఇక్కడ రాయలేను. చివరికి, "చెప్పుకో పో. చెప్పినాక ఈ కొట్టు మెట్టెక్కొద్దు" అన్నారు. నేను చెప్పులు వేసుకుని బయటికి వచ్చాను. భయం వేయలేదు. ఆ వయసుకు నా వేళ్ళ మీద నాకు అంత నమ్మకం ఉండేది.

ఆర్.కె.పేటలో ఆ ఇంటి అరుగు మీద కుటుంబ పెద్దలు కూర్చున్నారు. అన్నదమ్ములు చెరో వైపు. అంసవేణి స్తంభానికి ఆనుకుని నిలబడింది. నేను దాచకుండా మాట్లాడాను.

"నాయుడుగారూ, క్యాపులు లేని మీ బ్లాకు పాత ఇనుము. భాస్కరన్నా, బ్లాకు లేని నీ క్యాపులు పిడికెడు ఇనుము. అంసవేణమ్మ క్రాంకు ఒక్కటే ఒంటరిగా అమ్ముడుపోతుంది, మంచి వెలకే పోతుంది. అది పోయిన దినం నుంచి మీ రెండు కుప్పలూ ఎప్పటికీ ఇనుమే. మూడూ కలిపితే మాత్రం..."

మొత్తం చెప్పాను. మంచి ఎద్దుల జత, బండి, పైన కాస్త పొలం కలిపితే వచ్చేంత. ఇనుముకు అంత వెల అరుగు మీదివాళ్ళు ఎప్పుడూ విని ఉండరు.

మునిరత్నం నాయుడు నన్ను ఎగాదిగా చూశాడు. "మా చెల్లెలు నీకేమన్నా చెప్పి పంపినాదా?"

ఆ మాటకు నాకు ఒళ్ళు మండింది. వెల చెప్పేవాడిని దొంగ అన్నా పడతాను, అమ్ముడుపోయాడంటే పడను. "ఇంజను నేనే దగ్గరుండి కట్టిస్తాను. తిరుత్తణి కొండ ఎక్కిస్తాను. ఎక్కకపోతే ఇంక ఈ జన్మలో ఏ ముక్కకూ వెల చెప్పను" అన్నాను.

ఎవరూ అనుకోని విధంగా మొదట లేచింది భాస్కర్ నాయుడు. లోపలికి వెళ్ళి మేకుల డబ్బా తెచ్చి నా ముందు పెట్టాడు. "నాది తీసుకోన్నా" అన్నాడు. తన చిల్లర సామాను లేకపోతే అన్న బ్లాకు లేదని ఆ రోజే అతనికి తెలిసింది.

మునిరత్నం నాయుడు చాలాసేపు తలపాగా సర్దుకున్నాడు. "సరి. కొండెక్కితే కారు మూడు పాగాలు, దేవరాజులు తోలుకోనీ. ఎక్కకపోతే క్రాంకు కూడా కాటాకే. ముగ్గురం ఇనుము పంచుకొని పోతాం. సమ్మతమా అంసా?"

ఆమె దగ్గర ఉన్నది ఆ ఒక్కటే. మద్రాసు షావుకారికి అమ్మితే చేతికి మంచి డబ్బు వచ్చేది. ఆమె నా ముఖంలోకి చూసింది. "ఈ అన్న కొలిచినాడు. నాకు సమ్మతం" అంది. అంతమంది పెద్దమనుషుల సంతకాల కన్నా ఆ మాట నాకు బరువనిపించింది.

బిగించడం

కొట్టంలోని కారును లాగించి తెచ్చాక కొండ దిగువన ఒక వర్కుషాపులో పని మొదలైంది. మునిరత్నం నాయుడు రోజూ బస్సులో వచ్చి తన బ్లాకు పక్కన స్టూలు వేసుకుని కూర్చునేవాడు. భాస్కర్ నాయుడు ఎదురుగా కూర్చుని క్యాపుల డబ్బా ఒళ్ళో పెట్టుకునేవాడు. ఇద్దరికీ మాటల్లేవు. నేను నంబరు పిలిస్తే ఆ క్యాపు తీసి ఇచ్చేవాడు, అంతే.

అలా సాగుతుండగా ఒక క్యాపు అతని చేతిలోంచి తీసుకుని అమర్చబోయాను.

"అట్ల కాదు" అన్నాడు మునిరత్నం నాయుడు. నాతో కాదు, తమ్ముడితో. "బాణం గుర్తు ముందరికి చూడాల. నాయన ఎట్ల పెట్టేవాడో మర్చిపోయినావా?"

"మర్చిపోలేదు. నువ్వు చెప్తావేమో చూస్తా ఉన్యా."

పంపకం తర్వాత వాళ్ళు మాట్లాడుకున్న మొదటి మాటలు అవేనని అంసవేణి తర్వాత నాతో చెప్పింది. నాకు అప్పుడు తెలియదు. నేను నట్టు బిగించుకుంటున్నాను.

స్టార్టు చేసే రోజు ఏకాంబరంగారు వచ్చారు. పిలవలేదు, వచ్చారు. గుమ్మం దగ్గర చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. దేవరాజులు కారు ముందున్న హ్యాండిలు తిప్పాడు. ఇంజను దగ్గింది, ఊరుకుంది, మళ్ళీ దగ్గింది. అప్పుడు పట్టుకుంది. మొదట గుప్పుమని నల్లటి పొగ, తర్వాత నీలం పొగ, తర్వాత అదీ పోయింది. చప్పుడు ఎంత మెత్తగా స్థిరపడిందంటే, బానెట్టు మీద పెట్టిన గ్లాసులో టీ తొణకలేదు.

ఏకాంబరంగారు తల పక్కకు వంచి చాలాసేపు విన్నారు. "మంచి సరుకు. నాకు దొరకలే" అన్నారు. వెళ్ళిపోతూ నా భుజం తట్టారు. ఆ తర్వాత ఆయన కొట్టుకు వచ్చినవాళ్ళతో, వెల కావాలంటే సుబ్రమణి దగ్గరికి పొండి, బేరం కావాలంటే నా దగ్గరికి రండి అని చెప్పేవారట. నా వృత్తికి అంతకన్నా పెద్ద బోర్డు ఎవరూ రాయలేదు.

కొండ

దేవరాజులు స్టీరింగు పట్టుకున్నాడు. పక్కన అంసవేణి. వెనక సీట్లో అన్నదమ్ముల మధ్య నేను ఇరుక్కున్నాను. కొండ రోడ్డులో ఒక మలుపు ఉంది. బరువెక్కిన టాక్సీలు అక్కడే ఆయాసపడి రేడియేటరు పొంగించుకుంటాయి. ఆ రోజు కూడా ఒకటి బానెట్టు తెరుచుకుని నిలబడి ఉంది. దేవరాజులు గేరు తగ్గించాడు. ఇంజను గొంతు కొంచెం లావయింది. అంసవేణి డాష్‌బోర్డు మీద అరచెయ్యి పెట్టి కళ్ళు మూసుకుంది. మేము ఆ టాక్సీ పక్కనుంచి, దాని డ్రైవరు నోరు తెరిచి చూస్తుండగా, ఆగకుండా ఎక్కేశాం.

పైన కారు ఆగగానే అంసవేణి ఏడ్చింది. దాచుకోలేదు. కొంగు అడ్డం పెట్టుకోకుండా, నవ్వుతూ ఏడ్చింది. నేను గెలిచాను. ఇంకో మాట వెతకను. గెలిచాను, ఆమె గెలిచింది, ఆ ఇంజను గెలిచింది.

మునిరత్నం నాయుడు దిగి రేడియేటరు మీద అరచెయ్యి ఆనించి చూశాడు. వేడి సరిగ్గానే ఉంది. కారు చుట్టూ ఒకసారి తిరిగి నా దగ్గరికి వచ్చాడు. గొంతు తగ్గించాడు.

"సామీ, ఇంకొకటి ఉండాది. మా బావి మోటారు నా పాగం. పంపు తమ్మునిది. పైపులు సగం సగం. పోయిన పంట ఇద్దరికీ ఎండిపోయినాది. దానికి కూడా వచ్చి వెల చెప్తావా?"

భాస్కర్ నాయుడు గోపురం వైపు చూస్తూ నిలబడ్డాడు. చెవులు మాత్రం ఇటే ఉన్నాయి.

శుక్రవారం వస్తానన్నాను. శుక్రవారం మైక్రోమీటరు, సుద్దపొడి సంచిలో వేసుకుని ఆర్.కె.పేటలో బస్సు దిగి వాళ్ళ పొలం గట్టెక్కాను. కాలువలో నీళ్ళు పారుతున్నాయి. బావి గట్టు మీద మోటారూ పంపూ ఒకటిగా బిగించి ఉన్నాయి. అన్నదమ్ములు చెరో పార పట్టుకుని ఒకే మడికి నీళ్ళు మళ్ళిస్తున్నారు. మునిరత్నం నాయుడు నన్ను చూసి పార గట్టున పెట్టాడు.

"ఇంక వెల చెప్పే పని లేదు సామీ. కాళ్ళు కడుక్కొని ఇంటికి రా, అన్నం తిందాం."